మందు పేరుతో అమ్మి సెంటు అని తప్పించుకుంటున్న సీసాల గురించి ఒక బహిరంగ లేఖ

రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ, ఆయుష్ శాఖ అధికారులకు,
మూలికా నూనెలు తయారుచేసి అమ్ముతున్న కంపెనీలవారికి,
నా తోటి మందుల షాపులవారికి,

నమస్కారం.

నేను పల్నాడులో ఒక చిన్న టౌనులో ఇరవై ఎనిమిదేళ్ళు మందుల షాపు నడిపిన ఫార్మసిస్టుని. మూడేళ్ళ కిందట షాపు మా అబ్బాయికి అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నాను. ఈ విషయం మీద ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. రెండింటికి రసీదు ఇచ్చారు. ఒకదానికి ఫోన్ చేసి మాట్లాడారు. నాలుగోది ఏమైందో తెలియదు. పదకొండు నెలలు ఎదురుచూశాక ఇక నలుగురూ చదివేలా రాయాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పోయిన కార్తీకమాసంలో జరిగింది. మా మనవడికి అప్పటికి రెండేళ్ళ మూడు నెలలు. జలుబు చేసి ఒళ్ళు వెచ్చబడింది. డాక్టరు గారు రాసిన పారాసెటమాల్ సిరప్ గూట్లో ఉంది. దాని పక్కనే నీలగిరి తైలం సీసా ఉంది. మరిగే నీళ్ళలో రెండు చుక్కలు వేసి పెద్దవాళ్ళం ఆవిరి పట్టుకోవడానికని మా బంధువు ఒకరు పూజా సామాన్ల కొట్లో కొనితెచ్చింది. రాత్రి పదకొండు దాటాక కరెంటు పోయింది. పిల్లాడు జ్వరానికి ఏడుస్తుంటే మా ఆవిడ చీకట్లో తడుముకుని సీసా తీసింది, కొలతమూతలో గీత దాకా పోసింది, పిల్లాడి నోట్లో వంచింది. అయిదు మిల్లీలీటర్లు. కొంత ఉమ్మేశాడు, కొంత మింగేశాడు. వాడు పొలమారి కేక పెట్టేసరికి ఇల్లంతా నీలగిరి వాసన గుప్పుమంది. నేను వరండాలోంచి ఫోన్ లైటు వేసుకుని పరుగెత్తాను. అప్పటికి మా ఆవిడ చేతిలో సీసాని పట్టుకుని అలాగే చూస్తోంది.

ఆ రెండు సీసాలూ తరువాత పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ గోధుమరంగు గాజు, రెండూ అరవై మిల్లీలీటర్లు, రెండింటికీ తెల్ల మూత. సిరప్ కొలతమూత రెండింటికీ సరిగ్గా సరిపోతుంది. నూనె సీసా చీటీ మీద తులసి ఆకులు, పక్కన పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి బొమ్మ. కింద "పిల్లలకు, పెద్దలకు జలుబు, దగ్గు నుంచి ఉపశమనం. నూరు శాతం సహజం. సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అని ఉంది. తాగకూడదన్న ముక్క ఎక్కడా లేదు. వెనక్కి తిప్పితే ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలతో, ఇది సువాసన నూనె అని రాసి ఉంది.

పక్కింటి పిన్నిగారు ఉప్పునీళ్ళు తెచ్చారు, కక్కించమని. నేను పట్టనివ్వలేదు. ఇలాంటి నూనె తాగినవాళ్ళకి వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. ఫార్మసిస్టుని కాబట్టి నాకు తెలుసు. ఇంకో ఇంట్లో అయితే పట్టేసేవాళ్ళే. 108 వచ్చేలోపు, అంటే ఇరవై నిమిషాల్లోపే, పిల్లాడు నిలబెడితే ఒరిగిపోవడం మొదలుపెట్టాడు. పిలిస్తే కళ్ళు తెరుస్తాడు, మళ్ళీ వాలిపోతాడు. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టారు. ఆస్పత్రిలో రెండు రాత్రులు ఉన్నాం. మూడోరోజు పొద్దున వాడు పాలు అడిగాడు. మా అదృష్టం, బతికి బయటపడ్డాం.

డిశ్చార్జి అయ్యాక సీసా, అట్టపెట్టె, బిల్లు పట్టుకుని డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసుకు వెళ్ళాను. మర్యాదగానే కూర్చోబెట్టారు. "ఇది ఆయుర్వేదం కిందకి వస్తుంది సార్, ఆయుష్ వాళ్ళని కలవండి" అన్నారు. ఆయుష్ ఆఫీసులో సీసా తిప్పి చూసి, "దీనిమీద ఆయుర్వేద తయారీ లైసెన్సు నంబరు లేదు కదండీ. సువాసన నూనె అని రాశారు. మాకు ఇది మందు కాదు" అన్నారు. మందు కాకపోతే జలుబు తగ్గుతుందని ఎలా రాశారండీ అంటే, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోమన్నారు. తూనికలు కొలతల వాళ్ళు సీసా మీద ఎమ్మార్పీ ఉంది, పరిమాణం ఉంది, మా లెక్కలో అంతా సరిగ్గానే ఉందన్నారు. అమ్మిన కొట్టతను, "కంపెనీ ఇచ్చింది బాబాయ్, నేను అమ్మాను. కావాలంటే డబ్బులు వెనక్కిచ్చేస్తా" అన్నాడు. పాపం, అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

అంటే కొనేవాడికి చూపించేటప్పుడు అది మందు. ప్రమాదం జరిగి అడగడానికి వెళితే అది సెంటు. నా గొడవంతా ఈ రెండు ముక్కల దగ్గరే ఉంది.

నేను మూలికా నూనెలకు వ్యతిరేకిని అని ఎవరైనా అనుకుంటే పొరబాటు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ సంపాదనతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తలనొప్పి మందు డబ్బుతో తెలుగు పత్రిక నడిచిన చరిత్ర మనది. ఈ నూనెలు ఉత్త వాసనలే అయితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. ఇవి పనిచేస్తాయి. అందుకే భయం.

లవంగ నూనె తీసుకోండి. పన్ను నొప్పికి దూది ముంచి పెట్టుకోని ఇల్లు మన వైపు ఉండదు. అందులో ఎక్కువ భాగం యూజినాల్, అది నరాన్ని మొద్దుబారుస్తుంది. పళ్ళ డాక్టరు గారి గదిలో అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే వాసన కూడా అదే. జింక్ ఆక్సైడ్ పొడిని యూజినాల్‌తో ముద్దగా కలిపి పంటి గుంటలో తాత్కాలికంగా నింపుతారు. వాములో ఉండే థైమాల్ క్రిములను చంపుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొంకిపురుగులకు డాక్టర్లు ఇచ్చిన మందు అదే. పిప్పర్మెంట్ నూనె పేగు కండరం బిగువును సడలిస్తుంది. కడుపులో కరగకుండా పేగులోకి వెళ్ళాక కరిగేలా పూతపూసిన క్యాప్సూల్స్‌ని పేగుల పనితీరు గతితప్పి తరచూ కడుపునొప్పి తెచ్చే ఐబీఎస్‌తో బాధపడేవాళ్ళకి రాస్తారు. టీ ట్రీ నూనెను 1990లో ఆస్ట్రేలియాలో మొటిమలున్న 124 మంది మీద పరీక్షించారు. నూనె 5 శాతం ఉన్న జెల్, మామూలుగా వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ కంటే నెమ్మదిగా పనిచేసినా, మంట, పొలుసులు రాలడం తక్కువగా ఉన్నాయి. నీలగిరి తైలంలో ముఖ్యమైన సరుకు సినియోల్. కఫాన్ని వదిలిస్తుందని దాన్ని జర్మనీలో క్యాప్సూల్‌గా అమ్ముతారు.

వీటిలో ప్రతిదానికీ ఒక లెక్క ఉందని గమనించండి. 5 శాతం జెల్, పూతవేసిన క్యాప్సూల్, దూది మీద చుక్క. ఆ లెక్క తీసేసి అరవై మిల్లీలీటర్ల సీసా నిండా అసలు నూనె పోసి, బిడ్డ బొమ్మ అంటించి చేతిలో పెడితే ఎలా?

ఆకు వేరు, దాని నూనె వేరు. ఇది మన జనానికి ఎవరూ చెప్పడం లేదు. నిమ్మగడ్డి పండించే రైతును అడగండి, వంద కిలోల గడ్డి ఆవిరి బట్టీలో వేస్తే నూనె సుమారు అరకిలో వస్తుందంటాడు. నీలగిరి ఆకులో నూనె ఇంకొంచెం ఎక్కువ. అయినా మా మనవడి నోట్లో పోసిన ఆ మూతెడు నూనె రావాలంటే పావుకిలో పైనే పచ్చి ఆకు ఉడకాలి. ఏ పసివాడూ పావుకిలో ఆకు నమిలి మింగలేడు. నూనె అయితే ఒక్క గుక్క. "తులసి ఆకు మంచిదే కదా, తులసి నూనె ఇంకా మంచిది" అనే మాట షాపులో రోజుకు పదిసార్లు విన్నాను. నేనూ చాలా ఏళ్ళు దానికి తల ఊపినవాణ్ణే.

ఇక ఇవి విచ్చలవిడిగా అమ్మడం వల్ల మామూలు ఇళ్ళలో ఏం జరుగుతోందో ఒక్కొక్కటే చెబుతాను.

1. నీలగిరి తైలం. చిన్నపిల్లలకు ఒక టీస్పూను కూడా ప్రమాదమే. మత్తు, తూలిపోవడం, వాంతులు, ఎక్కువైతే ఫిట్స్, స్పృహ తప్పడం. విరుగుడు మందంటూ లేదు, ఊపిరి ఆగకుండా కాపాడుకుంటూ రావాలి. మెల్‌బోర్న్‌లోని పిల్లల ఆస్పత్రి ఒక్కదాంట్లోనే 1981 నుంచి 1992 దాకా ఈ నూనె తాగిన 109 మంది పిల్లలు చేరారు. ఆ చెట్టు పుట్టిన దేశం అది. అక్కడివాళ్ళకి దాని మంచీ చెడూ మనకంటే బాగా తెలుసు, అయినా అంతమంది. తరువాత వాళ్ళు పిల్లలు తిప్పలేని మూతలు తప్పనిసరి చేసుకున్నారు. మన దగ్గర ఇలా ఎంతమంది ఆస్పత్రికి వస్తున్నారో ఏ శాఖ లెక్క రాస్తోందో చెప్పమని అర్జీలో అడిగాను. జవాబు రాలేదు.

2. కర్పూరం. హారతి కర్పూరం బిళ్ళ తెల్లగా, నలుచదరంగా, పిప్పరమెంటు బిళ్ళలాగే ఉంటుంది. దేవుడి గూట్లో పిల్లల చేతికందే ఎత్తులో ఉంటుంది. చంటిపిల్లలకు ఒక గ్రాము కూడా ప్రాణం మీదకు తేవచ్చు. మింగిన కొద్ది నిమిషాల నుంచి గంటన్నర లోపు ఫిట్స్ మొదలవుతాయి, అదీ ముందస్తు సూచన లేకుండా. జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం కాచి గుండెల మీద మర్దనా చేయడం మన ఇళ్ళలో మామూలు. ఎంత వేస్తున్నామో ఎవరూ కొలవరు, పల్చటి పసి చర్మం దాన్ని త్వరగా లోపలికి లాగేసుకుంటుంది. తిరుమల ప్రసాదంలో వేసే పచ్చకర్పూరం వేరు, హారతి వెలిగించే కర్పూరం వేరు. ఆ తేడా తెలియక హారతి బిళ్ళని పాయసంలో నలిపి వేసినవాళ్ళు నాకు తెలుసు. ఈ రోజుల్లో హారతి బిళ్ళ చాలావరకు టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారైనదే. కొట్లో మాత్రం రెండు కర్పూరాలూ ఒకే అరలో ఉంటాయి.
అమెరికాలో ఒకప్పుడు కర్పూర తైలం అనే సరుకు ఉండేది. ఆముదం అనుకుని పిల్లలకు పట్టేసిన సంఘటనలు చాలా జరిగాయి. మా ఇంట్లో జరిగింది అచ్చం అదే. వాళ్ళు 1980ల మొదట్లో ఆ సరుకును మార్కెట్లోంచి తీసేశారు, పైపూతల్లో కర్పూరం 11 శాతం మించకూడదన్నారు. వాళ్ళు నలభై ఏళ్ళ కిందట సర్దుకున్న తప్పుకి మనం ఇప్పుడు ఆస్పత్రి బిల్లు కడుతున్నాం.

3. వస. దీని గురించి రాయాలంటే నాకే ఇబ్బందిగా ఉంది, ఎందుకంటే మా అమ్మ నాకూ వస కొమ్ము అరగదీసి నాకించింది. మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. గలగల మాట్లాడే పిల్లని వసపిట్ట అంటాం, అంతగా మన భాషలో కలిసిపోయింది. కానీ మన దేశంలో దొరికే వస కొమ్ము నూనెలో బీటా ఆసరోన్ అనే రసాయనం ఎక్కువ. జంతువుల మీద చేసిన పరీక్షల్లో క్యాన్సర్ తెచ్చిందని అమెరికా 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. మన దేశపు ఆహార నిబంధనల్లో కూడా బీటా ఆసరోన్‌ని రుచి కోసం, వాసన కోసం కలపకూడదని ఉంది. పెద్దవాళ్ళు తినే బిస్కెట్‌లో వద్దన్నదాన్ని పసిబిడ్డ నాలుక మీద రాస్తుంటే ఎవరూ వద్దనడం లేదు. ఇప్పుడైతే కొమ్ము అరగదీసే ఓపిక లేనివాళ్ళకి వస నూనె అని చిన్న సీసాల్లోనే వస్తోంది. ఇది ఆగాలి.

4. లవంగ నూనె, వింటర్‌గ్రీన్ నూనె. లవంగ నూనె చుక్క పంటికి మంచిది. అదే చెంచాడు పిల్లాడు మింగితే కాలేయం దెబ్బతింటుంది. పారాసెటమాల్ ఎక్కువైనప్పుడు ఎలా పాడవుతుందో అలాగే. వింటర్‌గ్రీన్ నూనె కీళ్ళనొప్పుల మందుల్లో ఉంటుంది, ఊటీ టూరు వెళ్ళివచ్చేవాళ్ళు నీలగిరి తైలంతో పాటు దీన్నీ సంచిలో వేసుకొస్తారు. అందులో దాదాపు అంతా మిథైల్ శాలిసిలేట్, అంటే ఆస్పిరిన్ జాతి మందు. ఒక టీస్పూను మింగితే ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినట్టు. వాసన చూస్తే పిల్లలకు చూయింగ్ గమ్ గుర్తొస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న ప్రతి అవ్వ మంచం పక్కనా మూత సరిగా పెట్టని ఇలాంటి సీసా ఒకటి ఉంటుంది.

5. మందులు మానేసేవాళ్ళు. మా షాపుకు ఏళ్ళ తరబడి వచ్చే ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. నెలనెలా షుగర్ మాత్రలు తీసుకెళ్ళేవాడు, ఉన్నట్టుండి రావడం మానేశాడు. నాలుగు నెలల తరువాత కాలికి గుడ్డ కట్టుకుని కనిపించాడు. బొడ్డులో రోజుకు మూడు చుక్కలు వేసుకుంటే షుగర్ పోతుందని ఫోన్లో వీడియో చూసి, పన్నెండు వందలు పెట్టి నూనె తెప్పించుకున్నాడట. మాత్రలు ఆపేశాడు. కాలి బొటనవేలు తీసేశారు. ఆ ఆటో ఇప్పుడు వాళ్ళ తమ్ముడు నడుపుతున్నాడు. షుగర్, క్యాన్సర్ లాంటి 54 జబ్బులకు మందు ఉందని ప్రకటన ఇవ్వడం నేరమని 1954లోనే చట్టం వచ్చింది. నేను పుట్టకముందు వచ్చిన చట్టం. ఆ వీడియో ఈ రోజుకీ ఫోన్లలో తిరుగుతోంది.

6. నింద. మా ఆవిడ ముగ్గురు పిల్లల్ని పెంచింది, ఊళ్ళో ఎంతమంది బాలింతలకో నీళ్ళు పోసింది. ఆ రాత్రి నుంచి మనవడికి ఒక్క చుక్క మందు తన చేత్తో పట్టలేదు. కోడలు ఏమీ అనలేదు, నిజంగా ఏమీ అనలేదు. చుట్టాలు మాత్రం "చూసుకోవద్దూ" అన్నారు. ఆస్పత్రి కాగితాల్లో కూడా పొరబాటున ఇంట్లోవాళ్ళు పట్టారని రాశారు. నిజమే. కానీ ఒకే రంగు, ఒకే సైజు, ఒకే మూత పెట్టింది ఎవరు? తాగకూడదని తెలుగులో రాయనిది ఎవరు? ఆ పేర్లు ఏ కాగితంలోనూ లేవు. ఇలాంటివి జరిగిన ప్రతి ఇంట్లో ఒక తల్లో నాయనమ్మో ఇలాగే లోపల కుమిలిపోతూ ఉంటుంది. దయచేసి ఇదీ ఒక నష్టమేనని లెక్కలో వేసుకోండి.

చట్టంలో సందు ఎక్కడుందో కూడా చెబుతాను, మీకు తెలియక కాదు, చదివేవాళ్ళకి తెలియాలని. 1940 నాటి ఔషధాల చట్టం ప్రకారం ఆయుర్వేద మందు తయారీకి లైసెన్సు కావాలి, అమ్మడానికి అక్కర్లేదు. అందుకే కిరాణా కొట్టులో, పూజా సామాన్ల కొట్టులో, జాతరలో బండి మీద కూడా అమ్ముకోవచ్చు. ఆయుర్వేదంలో వాడే విష పదార్థాలకు నిబంధనల్లో ఒక జాబితా ఉంది. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు, గురివింద, నాభి అందులో ఉన్నాయి. అవి కలిసిన మందు కడుపులోకి ఇవ్వాలంటే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో రాయాలి. తెలుగు మాటే లేదు. నీలగిరి తైలం, కర్పూరం ఆ జాబితాలోనే లేవు. ఇక "సువాసన నూనె" అన్నారంటే ఈ కాస్త కాపలా కూడా ఉండదు.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి.

1. సీసా మీద గానీ, పెట్టె మీద గానీ, ప్రకటనలో గానీ జబ్బు పేరు ఉంటే అది మందే. దాన్ని ఏ శాఖ చూడాలో మీరు మీరు కూర్చుని తేల్చుకుని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లాకు ఒక్క కిటికీ చాలు. నాలుగు ఆఫీసుల మెట్లు ఎక్కే ఓపిక నాకుంది, కూలికి వెళ్ళే మనిషికి ఉండదు.

2. నీలగిరి, కర్పూరం, లవంగం, వింటర్‌గ్రీన్ నూనెలున్న సీసాలకు నొక్కి తిప్పితే తప్ప రాని మూత, ఒక్కో చుక్కే పడే మూతి పెట్టించండి. అమెరికాలో 1970 చట్టం కింద వింటర్‌గ్రీన్ నూనెకు అలాంటి మూత తప్పనిసరి. మన కంపెనీలు బయటి దేశాలకు పంపే సరుకుకు అలాంటి మూతలు పెడుతూనే ఉన్నాయి. అదే మూత మన పిల్లలకీ పెట్టమంటున్నాను.

3. ఈ నూనెలను సిరప్ సీసా సైజులో, ఆకారంలో అమ్మనివ్వకండి. ఇంటి వాడకానికి పది మిల్లీలీటర్లు చాలు. "పైకి మాత్రమే వాడాలి. తాగితే ప్రాణాపాయం. పిల్లలకు అందనివ్వకండి" అని తెలుగులో, ఎర్రటి పట్టీ మీద, కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత అక్షరాలతో ఉండాలి. చంటిబిడ్డల బొమ్మలు, "సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అన్న మాట తీసేయించండి. ఏ సీసా మీదైనా సరే.

4. లోపల ఏముందో ఎంత శాతం ఉందో రాయించండి, శాంపిల్స్ తీసి పరీక్ష చేయించండి. మంచి నూనె చుక్క తెల్ల కాగితం మీద వేస్తే కాసేపటికి ఎగిరిపోవాలి. నేను కొన్న సీసాలోంచి వేసిన చుక్క మర్నాటికీ జిడ్డుగా మిగిలింది. అంటే ఇంకేదో నూనె కలిసింది. టర్పెంటైన్ లాంటివి కలిపితే ఈ కాగితం పరీక్షకు కూడా దొరకవు, ల్యాబ్‌లోనే తేలుతుంది. ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీమ్యాప్‌కి హైదరాబాద్‌లోనే పరిశోధన కేంద్రం ఉంది. వాళ్ళ సాయం అడగండి. కల్తీ ఆగితే నిజాయితీగా నిమ్మగడ్డి, వట్టివేరు పండించి నూనె తీసే రైతుకూ గిట్టుబాటు అవుతుంది.

5. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఒక పేజీ సూచన ఇవ్వండి. నూనె తాగితే కక్కించకూడదు, ఉప్పునీళ్ళు పట్టకూడదు, వెంటనే 108కి ఫోన్ చేసి సీసాని వెంట తీసుకెళ్ళాలి. చంటిపిల్లల ముక్కు దగ్గర మెంథాల్, కర్పూరం రాయకూడదు. ఊపిరి బిగుసుకుపోవచ్చు. వస నాకించకూడదు. విషప్రభావాల మీద సలహా ఇచ్చే జాతీయ కేంద్రం ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉంది. అర్ధరాత్రి మా ఊరి తల్లి ఫోన్ చేస్తే తెలుగులో జవాబు చెప్పే మనిషి మన రాష్ట్రాల్లో కూడా ఉండాలి.

6. నా తోటి షాపులవాళ్ళకు. ఇది చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మా షాపులో ఈ నూనెలను సిరప్‌ల అరలోంచి తీసేసి కౌంటరు వెనక పై అరలో పెట్టించాను. ఇచ్చే ప్రతి సీసాకీ మా అబ్బాయి "తాగరాదు" అని ఎర్ర స్టిక్కరు అంటిస్తున్నాడు. వంద స్టిక్కర్లకు నలభై రూపాయలయింది. ఇంట్లో చంటిపిల్లలున్నారా అని ఒక్క మాట అడిగి ఇవ్వండి. లైసెన్సు నంబరు లేకుండా జబ్బు పేరు రాసిన సరుకు స్టాకిస్టు తెస్తే వెనక్కి పంపండి. మార్జిన్ ఎక్కువని నాకూ తెలుసు.

తయారుచేసేవారికి విడిగా ఒక మాట. మీ సరుకు మీద మీకు నమ్మకం ఉంటే దాన్ని మందు అని ధైర్యంగా ఒప్పుకుని లైసెన్సు తీసుకోండి. దాని బలం ఎంతో, హద్దు ఎంతో రాయండి. జనం కొంటారు. నేనే అమ్మిస్తాను.

ఈ ఉత్తరం మీకు చేరిన ముప్పై రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. మొదటి కోరికకి జవాబు వచ్చినా చాలు, మిగతావి ఎవరిని అడగాలో తెలుస్తుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద నా నాలుగు అర్జీల ఫైళ్ళు అడుగుతాను, ఆపైన హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తాను. వకీలుతో మాట్లాడి ఉంచాను.

ఆ రాత్రి వాడిన సీసా, అందులో మిగిలిన నూనె, అట్టపెట్టె, బిల్లు, ఆస్పత్రి కాగితాలు ఒక డబ్బాలో సీలు వేసి దాచాను. విచారణకు ఎప్పుడు పిలిచినా తీసుకుని వస్తాను. మా ఆవిడ కూడా వస్తానంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
పల్నాడు జిల్లా